'ముసలివాళ్లు' అని రాయాలా, 'పెద్దవాళ్లు' అని రాయాలా? సర్వే చేసినవాళ్లు చెప్పగలరా

నమస్కారం. ఎమ్మెస్సీ నర్సింగ్ చదువుతున్నాను. వయసు పైబడినవాళ్ల మీద నర్సింగ్ విద్యార్థుల అభిప్రాయాలే నా థీసిస్. 1961లో కోగన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తయారుచేసిన స్కేలును (అభిప్రాయాలు కొలిచే ప్రశ్నాపత్రం) తెలుగులోకి మారుస్తున్నాను. అందులో 34 వాక్యాలు: వయసు పైబడినవాళ్ల గురించి మంచిగా చెప్పేవి 17, వాటికి జోడీగా చెడుగా చెప్పేవి 17.

ముందు 'ముసలివాళ్లు' అని రాసి పదిమంది జూనియర్లకు ఇచ్చాను. ఒకమ్మాయి పెన్ను పక్కన పెట్టేసి, "మా అమ్మమ్మను అలా అనలేనక్కా" అంది. 'పెద్దవాళ్లు' అని మార్చాను. ఇక అంతా గౌరవమే! మంచి వాక్యాలన్నిటికీ 'పూర్తిగా అంగీకరిస్తాను' అని టిక్కులు. వీళ్లే వార్డులో "ఈ తాతకు చాదస్తం" అని విసుక్కోవడం నా చెవులారా విన్నాను. పైగా కొందరు నలభై ఏళ్ల మేనమామను కూడా పెద్దవాళ్లలో కలిపేసుకున్నారు. 'వృద్ధులు' అంటే మరీ పుస్తకం భాషలా ఉంది.

తల్లిదండ్రులు, సీనియర్ సిటిజన్ల సంక్షేమం కోసం తెచ్చిన 2007 చట్టం ప్రకారం 60 నిండితే సీనియర్ సిటిజన్ కదా, '60 దాటినవాళ్లు' అని వయసే వేసేస్తే సరిపోతుందా? ఇంకో టెన్షన్: జోడీలో మంచి వాక్యానికీ, దానికి ఎదురు వాక్యానికీ రెండింటికీ 'అవును' అన్నవాళ్లు ముగ్గురున్నారు. ఆ పేపర్లు తీసేయాలా, ఉంచాలా? తీసేయడానికి నాకైతే మనసొప్పడం లేదు. తెలుగులో ఇలాంటి సర్వే చేసినవాళ్లు మీరు ఏ మాట వాడారో, ఎందుకో చెప్పండి, ప్లీజ్.