‘క్వాంటం చిక్కుముడి’ అనడం సరేనా?

అమరావతి క్వాంటమ్ వ్యాలీ కబుర్లు మొదలైన దగ్గర్నుంచి క్వాంటం గురించి తెలుగులో రాసేవాళ్ళు పెరిగారు, సంతోషమే. కానీ ఎంటాంగిల్‌మెంట్ (రెండు కణాలు ఎంత దూరంలో ఉన్నా ఒకే ఉమ్మడి స్థితిలో ఉండటం) అనే మాట వచ్చేసరికి చాలామంది ‘చిక్కుముడి’ అని రాసేసి ముందుకెళ్ళిపోతున్నారు. నాకది మింగుడుపడటం లేదు.

చిక్కు అంటే మనకేమిటి? జుట్టు చిక్కు పడుతుంది, దారపుండ చిక్కు పడుతుంది, ఆస్తి తగాదా చిక్కుల్లో పడుతుంది. పడిందంటే తియ్యాలి. అసలు చిక్కు అనేదే పొరపాటున పడేది, ఎవరూ కావాలని వెయ్యరు. ఇక్కడేమో ప్రయోగశాలల్లో ఏళ్ళ తరబడి కష్టపడి రెండు ఫోటాన్లని (కాంతి కణాల్ని) ఆ స్థితిలోకి తెస్తారు, అది చెడిపోకుండా కాపాడుకోవడానికి ఇంకా కష్టపడతారు. చిక్కు తీసినవాణ్ణి మెచ్చుకుంటాం గానీ చిక్కు పెట్టినవాళ్ళకి నోబెల్ ఇస్తామా? 2022లో ఆస్పే, క్లౌజర్, జైలింగర్‌లకి ఇచ్చింది ఇలాంటి ఫోటాన్లతో చేసిన ప్రయోగాలకే మరి.

భౌతిక శాస్త్రవేత్త ష్రోడింగర్ దీనికి 1935లో జర్మన్‌లో వాడిన మాట ‘ఫెర్‌ష్రెన్‌కుంగ్’. ఛాతీ మీద చేతులు కట్టుకోవడానికీ, వేళ్ళలో వేళ్ళు జొనపడానికీ జర్మన్లు వాడే క్రియ నుంచి వచ్చింది. అందులో గందరగోళం లేదు, ఒక పద్ధతిగా ఒకదానిలో ఒకటి ఇమడటం ఉంది. కాబట్టి నా ఓటు ‘పెనవేత’కి. పెనవేసుకున్న కణాలు, పెనవేసుకున్న ఫోటాన్లు. మీరేమంటారు?

* * *

బాగుంది గానీ మాస్టారూ, ఒక మాట. అదే సంవత్సరం ఇంగ్లీషులో రాసిన వ్యాసంలో ఎంటాంగిల్‌మెంట్ అన్నది కూడా ఆ ష్రోడింగరే కదా. ఇంగ్లీషులో అది వలలో చిక్కుకోవడమే, జుట్టు చిక్కే. హిందీవాళ్ళు కూడా ఉల్ఝావ్ అంటున్నారు. ఆ పెద్దాయనకే లేని అభ్యంతరం మనకెందుకు?

* * *

ఒప్పుకుంటాను, అక్కడ దొరికిపోయాను. అయినా ఆయన ఇంగ్లీషు మాట ఎంచుకున్నారని మనం ఆ ఇంగ్లీషు మాటకే అర్థం వెతుక్కోనక్కర్లేదు, వస్తువుని చూసి పేరు పెట్టుకోవచ్చు. వస్తువు ఇదీ: రెండు ఫోటాన్ల ఉమ్మడి స్థితి మనకి పూర్తిగా తెలుసు, అందులో అస్పష్టత ఏమీ లేదు. విడిగా ఒక్కో ఫోటాన్ సంగతి అడిగితే మాత్రం చెప్పడానికేమీ లేదు, బొమ్మా బొరుసా అన్నట్టే. ‘చిక్కు’లో ఇందుకు సరిగ్గా తలకిందులు: ఒక్కో పోగూ బాగానే ఉంటుంది, కలిసేసరికే అయోమయం.

* * *

ఇంత దూరం దేనికండీ, ‘జత’ అంటే పోలేదా? చెప్పుల జతలో ఒకటి మీ పెట్టెలో, ఒకటి నా పెట్టెలో పెట్టారు. నేను తెరిచి ఎడమది చూస్తే మీ దగ్గరున్నది కుడిది అని నాకు ఆ క్షణమే తెలుస్తుంది. చిన్నపిల్లలకైనా అర్థమవుతుంది.

* * *

పిల్లలకి అర్థమయ్యేది అదే, తప్పు కూడా అదే. చెప్పు పెట్టెలో పెట్టినప్పుడే ఎడమదో కుడిదో అయి ఉంది, మనకి తెలీదంతే. ఐన్‌స్టైన్ ఇద్దరు మిత్రులతో కలిసి 1935లో వాదించింది ఇంచుమించు ఇదే. ఈ చెప్పుల లెక్కనే పరీక్షకి పెట్టొచ్చని 1964లో జాన్ బెల్ అనే భౌతిక శాస్త్రవేత్త చూపించాడు. జవాబులు ముందే రాసిపెట్టి ఉంటే, రెండు వైపులా రకరకాలుగా కొలిచి కలిపిన ఒక కూడిక 2 దాటకూడదు. క్వాంటం లెక్క ప్రకారం అది 2.83 దాకా పోవచ్చు. ప్రయోగాల్లో 2 దాటుతోంది. 2015లో నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్‌ట్‌లో 1.3 కిలోమీటర్ల ఎడంలో, అప్పటిదాకా జనం ఎత్తి చూపిన ప్రధానమైన లొసుగులన్నీ ఒకేసారి మూసేసి మరీ చేశారు. కాబట్టి ‘జత’ అంటే మనం బెల్‌కి ముందున్న కాలానికి వెళ్ళిపోయినట్టే.

అన్నట్టు, ‘ఒకదాన్ని కొలవగానే రెండోదానికి కాంతి కన్నా వేగంగా కబురు వెళ్తుంది’ అనే వాక్యం ఎక్కడ కనబడినా కొట్టేయండి. కబురు పంపడం దీనితో కుదరదు.

* * *

బ్రహ్మముడి! ఎవరూ అనలేదేంటి ఇంకా. ఎన్ని మైళ్ళ దూరం వెళ్ళినా ముడి ముడే 😄

* * *

నవ్వులాటకి అన్నారు గానీ ఇది అంత తీసిపారేసేదేం కాదు. ఒక కణం ఇంకోదానితో పూర్తిగా ఎంటాంగిల్ అయి ఉంటే మూడోదానితో అసలు కాలేదు, కొంచెం కూడా. దీన్ని భౌతిక శాస్త్రవేత్తలే మోనోగమీ అంటారు, జోకు కాదు, పేపర్లలో అలాగే రాస్తారు. తెలుగులో ‘ఏకపత్నీవ్రతం’ అని రాసే ధైర్యం ఎవరికైనా ఉందా?

* * *

పాపం ఫోటాన్‌కి లింగభేదం లేదు, వ్రతం ఎవరు పట్టినట్టు?

‘పెనవేత’ మీద నా పేచీ వేరే ఉంది. తీగలు పెనవేసుకోవాలంటే ఒకదాన్నొకటి తాకాలి. 2017లో చైనావాళ్ళు ఉపగ్రహం నుంచి రెండు ఫోటాన్లని 1200 కిలోమీటర్ల ఎడంలో ఉన్న రెండు కేంద్రాలకి పంపి, అప్పటికీ ఆ సంబంధం చెడలేదని చూపించారు. అంత దూరంలో పెనవేసుకున్నాయంటే చదివేవాడు మధ్యలో కనబడని తీగ ఏదో ఊహించుకుంటాడు. తీగ లేదని చెప్పడానికి మళ్ళీ ఇంకో పేరా రాయాలి.

నేను ‘జమిలి’ అంటాను. మా ఇంట్లో రెండు పోగులు కలిపి పేనిన దారాన్ని జమిలి దారం అనేవాళ్ళు. రెండున్నా ఒకటిగానే లెక్క. ‘జమిలి స్థితి’, ‘జమిలి ఫోటాన్లు’. అచ్చంగా మీరు పైన చెప్పిన ఉమ్మడి స్థితే.

* * *

జమిలి అంటే ఇప్పుడు ఎన్నికలే గుర్తొస్తాయి కదండీ. ‘జమిలి ఫోటాన్లు’ అని హెడ్డింగ్ పెడితే ఏ పార్టీ మద్దతిచ్చిందని అడుగుతారు.

* * *

అడగనివ్వండి, మాట బతికే ఉందని అర్థం.

ఒక వాక్యం రాసి చూద్దాం, మాట నిలబడుతుందో లేదో అప్పుడే తెలుస్తుంది. ‘సెర్న్ అనే కణ భౌతిక ప్రయోగశాలలో 13 టెరా ఎలక్ట్రాన్ వోల్టుల శక్తితో ప్రోటాన్లని ఢీకొట్టించినప్పుడు పుట్టిన టాప్ క్వార్కు అనే మూలకణం, దాని ప్రతికణం జమిలి స్థితిలో ఉన్నాయని అక్కడి అట్లాస్ బృందం 2024 సెప్టెంబరులో నేచర్ పత్రికలో ప్రకటించింది.’ బానే ఉంది. ‘చిక్కుముడిలో ఉన్నాయని’ అని చదవండి, ఏదో ఇరుక్కుపోయి సాయం కోసం చూస్తున్నట్టుంది. టాప్ క్వార్కుకి ఇరుక్కునేంత ఆయుష్షు ఎక్కడిది! సెకనులో లక్షకోట్లో వంతు, అందులో మళ్ళీ లక్షకోట్లో వంతు కన్నా తక్కువలో పోతుంది. మిగతా క్వార్కుల్లా గుంపులో కలిసిపోయే లోపే పోతుంది కాబట్టే, దాని స్పిన్ (కణం తనలో తాను తిరుగుతున్నట్టుండే లక్షణం) ఎటుందో దాన్నుంచి పుట్టిన కణాల్లో ఆనవాలు దొరుకుతుంది, వాళ్ళు పట్టుకున్నది ఆ ఆనవాలునే.

* * *

పనిలో పనిగా టన్నెలింగ్‌కి (దాటే శక్తి లేకపోయినా కణం అడ్డుగోడకి అవతల తేలడానికి) కూడా ఏదైనా చెప్పండి. 2025 నోబెల్ అప్పుడు ‘సొరంగం తవ్వడం’ అని చదివి తల పట్టుకున్నాను.

* * *

దొంగ కన్నం వేసి ఇంట్లోకొస్తాడు, ఎలక్ట్రాన్ కన్నం వెయ్యకుండానే వస్తుంది. తవ్వేదీ లేదు, సొరంగమూ లేదు. దానికి వేరే చర్చ పెట్టండి, ఇక్కడ కలిపితే నిజంగానే చిక్కుముడి అవుతుంది.

* * *

మొదలుపెట్టింది నేనే కాబట్టి చెప్తున్నా, పెనవేత వదిలేసి జమిలికి మారుతున్నాను. క్రియ కావలసినచోట మాత్రం ‘పెనవేసుకుని’ ఉంచుతాను, ‘జమిలించడం’ నా చెవికి ఇంకా అలవాటు కాలేదు. నిన్న రాసినదంతా మా అమ్మకి చదివి వినిపించాను. ఆవిడ అడిగింది ఒక్కటే: ‘జమిలి దారంలో ఒక పోగు తెగితే రెండోది ఒంటి పోగేగా, మరి మీ వాటి సంగతేంటి?’ ఇక్కడా అంతేనమ్మా, ఒకదాన్ని కొలవగానే ఆ జమిలి పోతుంది, తర్వాత దేని దారి దానిదే అన్నాను. ‘అయితే సరైన మాటే’ అని లోపలికెళ్ళిపోయింది.