బ్రైట్ టోన్ కావాలంటే పికప్‌లు మార్చాల్సిందేనా?

నాగావళి గిటార్ (శ్రీకాకుళం)
అందరికీ నమస్కారం. ఆదివారం చర్చిలో, పెళ్లిళ్ల సీజన్‌లో ఆర్కెస్ట్రాలో వాయిస్తుంటాను. నా ఎలక్ట్రిక్ గిటార్‌కి రెండు హంబకర్లు, అంటే రెండేసి కాయిల్స్ ఉన్న పికప్‌లు (తీగల కింద ఉండి వాటి కదలికని సిగ్నల్‌గా మార్చేవి). ఇంట్లో ఒక్కడినే కూర్చుని వాయిస్తే బాగానే ఉంటుంది. కీబోర్డు, ప్యాడ్స్, బేస్ అన్నీ మొదలయ్యాక నా గిటార్ ఎక్కడుందో నాకే వినపడదు. జలుబు చేసినవాడు పాడుతున్నట్టు ఉంటుంది. ఆంప్‌లో ట్రెబుల్ పెంచితే చెవిలో గుచ్చుకుంటుందే తప్ప ఖంగుమనదు. పికప్‌లు మార్చేయమని ఒకాయన సలహా ఇచ్చారు. అడిగితే సెట్ 9 వేలట. గిటార్ కొన్నదే 12 వేలకి కదా అని మా ఆవిడ అంటోంది. మార్చమంటారా?

రెండో గేర్ (విజయనగరం)
మార్చెయ్ తమ్ముడూ, ఆలోచించకు. నేను పోయినేడు బ్రిడ్జ్ (తీగలు ఆనే కింది చివర) దగ్గర ఎక్కువ ఔట్‌పుట్ ఉన్న సెరామిక్ అయస్కాంతం పికప్ వేయించాను. రాత్రికి రాత్రి వేరే గిటార్ అయిపోయింది. కంపెనీ ఇచ్చిన పికప్‌లో పవర్ ఉండదు. పవర్ ఉంటే బ్రైట్‌నెస్ దానంతట అదే వస్తుంది.

ఇజీనారం రేడియో
ఆ చివరి మాట నేను ఒప్పుకోను బాబూ. ఔట్‌పుట్ పెంచడానికి సాధారణంగా కాయిల్‌కి చుట్లు ఎక్కువ చుడతారు. చుట్లు పెరిగితే ఇండక్టెన్స్ పెరుగుతుంది, పైనున్న ట్రెబుల్ తగ్గుతుంది. గట్టిగా వినపడటం వేరు, ఖంగుమనడం వేరు. ఫెండర్ స్ట్రాట్ గిటార్ రకం సింగిల్ కాయిల్ (ఒకే కాయిల్ ఉన్న పికప్)కి మల్టీమీటర్ పెడితే రెసిస్టెన్స్ సుమారు 6 కిలో ఓమ్‌లు చూపిస్తుంది, పాత పద్ధతి హంబకర్‌కి 8 దరిదాపుల్లో. ఈ ఎక్కువ ఔట్‌పుట్ హాట్ పికప్‌లు 13, 14 దాటతాయి. ఆ అంకె ఒక్కటీ చూసి టోన్ చెప్పేయలేం, కాయిల్‌కి చుట్టిన వైరు సన్నమైనా రెసిస్టెన్స్ పెరుగుతుంది. కానీ పవర్ పెరిగితే బ్రైట్ అవుతుందనేది మాత్రం తిరగేసిన లెక్క.

శ్రీకాకుళం తమ్ముడూ, నువ్వు ముందు వెనక మూత విప్పు. వాల్యూమ్ కంట్రోల్ మీద విలువ కొట్టి ఉంటుంది, చూడు. హంబకర్‌కి మామూలుగా 500 కె (కిలో ఓమ్‌లు) వేస్తారు, సింగిల్ కాయిల్‌కి 250 కె. హంబకర్‌కి 250 పెడితే, నాబ్ పూర్తిగా తిప్పి ఉంచినా ట్రెబుల్ కొంత గ్రౌండ్‌లోకి పోతూనే ఉంటుంది. చేతిలో ఏది ఉంటే అది బిగించి పంపిన చవక గిటార్లు నా బల్ల మీదకి చాలానే వచ్చాయి.

తర్వాత కేబుల్. మామూలు గిటార్ కేబుల్‌కి మీటరుకి 100 పికోఫారడ్‌ల దాకా కెపాసిటెన్స్ ఉంటుంది. కాయిల్, కేబుల్ కలిసే ఆ ఖంగుమనే మెరుపు ఏ ఫ్రీక్వెన్సీలో ఉండాలో తేలుస్తాయి. కేబుల్ పొడుగైతే అది కిందికి దిగిపోతుంది. స్టేజీ చివరిదాకా నడవాలని 10 మీటర్లది కొన్నవాళ్లు ఉన్నారు. పాపం, నడిచేది ఎప్పుడూ లేదు.

రెండో గేర్
అయితే నాది బ్రైట్ కాదంటారా మాస్టారూ? వచ్చి వినండి.

ఇజీనారం రేడియో
వింటాను. పికప్ వేయించిన రోజునే తీగలూ కొత్తవి వేయించావా?

రెండో గేర్
వేయించాను. అయినా అంతా తీగల వల్లేనని ఎలా అంటారు? సెరామిక్‌కి ఏమీ లేదా?

ఇజీనారం రేడియో
సెరామిక్‌ని నేనేం అనలేదు. తక్కువ చుట్లతో చుడితే సెరామిక్ పికప్ కూడా గలగలలాడుతుంది. ఒకేసారి రెండు మార్చి, గొప్పంతా ఒకదానికే కట్టబెట్టావు, అంతే.

పనస దుంగ (బొబ్బిలి)
మధ్యలో నేనొక మాట. మా పక్కన గొల్లపల్లిలో వీణని ఒకే పనస దుంగ నుంచి చెక్కుతారు. అక్కడ కర్ర గురించి ఎంత చెప్పినా వింటాను. ఒకసారి మా బాబాయి వీణకి గిటార్ పికప్ కట్టి చూశాం. ఉక్కు తీగలు హాలంతా మోగాయి, ఇత్తడి తీగలు పీలగా ఎక్కడో గొణిగాయి. వాయిద్యం అదే, వేళ్లు అవే. పికప్ గాల్లో శబ్దాన్ని వినదు, తన అయస్కాంతం ముందు ఇనుము ఎలా కదిలిందో అదే పట్టుకుంటుంది. కాబట్టి తీగ దేనితో చేశారు, ఎంత పాతదైంది అన్నది ముందు చూడండి. స్టెయిన్‌లెస్ స్టీల్ చుట్టిన తీగలు బాగా బ్రైట్, నికెల్ పూతవి మధ్యస్థం, పూర్తి నికెల్‌వి మెత్తన. మన సముద్రం ఉక్కకి ఏ తీగైనా త్వరగా చచ్చిపోతుంది.

సింగిల్ కాయిల్
అందరూ అసలు విషయం దాటేస్తున్నారు. హంబకర్‌లో రెండు కాయిల్స్ పక్కపక్కన ఉండి తీగని రెండు చోట్ల వింటాయి. అక్కడే పై హార్మోనిక్స్ కొన్ని ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. గిబ్సన్ గిటార్ కంపెనీలో సెత్ లవర్ 1955లో దాన్ని తయారుచేసింది గుయ్యిమనే హమ్ పోగొట్టడానికి. పాట్‌లు (వాల్యూమ్, టోన్ కంట్రోళ్లు), కేబుళ్లు మార్చి హంబకర్‌ని సింగిల్ కాయిల్ చేయలేరు. ఆ గొంతే కావాలంటే పికప్ మార్చాల్సిందే.

ఇజీనారం రేడియో
ఇది నిజం, ఒప్పుకుంటున్నాను. కానీ కల్యాణ మండపంలో జనరేటర్, సీరియల్ లైట్లు, ఎర్తింగ్ దైవాధీనం. అక్కడ సింగిల్ కాయిల్ పెడితే పంతులుగారి మంత్రాల కన్నా 50 హెర్ట్జ్ హమ్మే పెద్దగా వినపడుతుంది. హంబకర్ నుంచి నాలుగు వైర్లు బయటికి వస్తుంటే రెండు కాయిల్స్‌నీ ప్యారలల్‌లో కలపొచ్చు. సిగ్నల్ తగ్గుతుంది, బ్రైట్ అవుతుంది, హమ్ మాత్రం రాదు.

నాగావళి గిటార్
ఇవాళ విప్పాను. నాలుగు కంట్రోళ్ల మీదా బి250కె అనే ఉంది! తీగలు వేసి ఎనిమిది నెలలు. గుడ్డతో తుడిస్తే తుప్పు రంగు అంటింది, చెప్పుకోడానికి సిగ్గేసింది. రేడియో మాస్టారి మాట పట్టుకుని ఒక్కొక్కటే మార్చి, ఒకే పాట ఫోన్‌లో రికార్డు చేసుకున్నాను.

తీగలు మార్చగానే సగం రోగం పోయింది. 6 మీటర్ల కేబుల్ తీసి 3 మీటర్లది పెట్టాను, తేడా ఉందంటే ఉంది. వాల్యూమ్ కంట్రోళ్లు 500 కె వేశాక, కార్డ్ కొట్టినప్పుడు ఆరు తీగలూ విడివిడిగా వినపడ్డాయి. టంకం వేస్తూ వేలు కాల్చుకున్నాను, అది వేరే కథ. పికప్‌లని ఒక మరచుట్టు కిందికి దించితే బొంగురు ఇంకాస్త తగ్గింది.

అయినా డిస్టార్షన్ లేకుండా క్లీన్‌లో వాయిస్తే బ్రిడ్జ్ పికప్ ఇంకా మొద్దుగానే ఉంది. ప్యారలల్ చేద్దామంటే బయటికి వచ్చేది అల్లిక కవచం ఉన్న ఒక్క వైరే. కాబట్టి సింగిల్ కాయిల్ గారిదీ కొంత నిజమే. కాకపోతే 9 వేలు పెట్టను, బ్రిడ్జ్ ఒక్కటే మారుస్తాను, అదీ తక్కువ ఔట్‌పుట్‌ది. రెండో గేర్ అన్నా, మీరు తీసేసిన కంపెనీ పికప్ ఇంకా ఉందా? పవర్ లేదన్నారుగా, నాకు కావలసింది అదే.

రెండో గేర్
ఉంది, మేకుల డబ్బాలో పడి ఉంది. మీటర్ పెడితే 7.6 చూపించింది. శనివారం పలాస ప్యాసింజర్‌లో వస్తున్నాను, శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో దిగను, రైలు ఆగినప్పుడు కిటికీ దగ్గరికి వచ్చి తీసుకో. వైరు పొట్టిది, చాలకపోతే నన్ను తిట్టకు.