నిలువెత్తు బంగారం: మనిషంత పొడుగా, మనిషంత బరువా?

మైలాపూరు నుంచి ప్రశ్న:
అందరికీ నమస్కారం. మేడారం జాతరలో ఎవరో ‘నిలువెత్తు బంగారం’ సమర్పించారని వార్త చదువుతుంటే మా అమ్మాయి అడిగింది, అంటే మనిషంత పొడుగు బంగారమా, మనిషంత బరువు బంగారమా అని. ఇంట్లో తలా ఒక మాట అన్నాం. ఇక్కడి తమిళంలో ‘ఆళుయర’ అంటే మనిషి పొడుగే, ఇంకో అర్థానికి చోటు లేదు. మన మాట సంగతేమిటి?

పెరంబూరు నుంచి జవాబు:
మేడారంలో అది బరువేనమ్మా. సమ్మక్క సారలమ్మలకు ఇచ్చే బెల్లాన్నే అక్కడ బంగారం అంటారు. మొక్కుకున్న మనిషిని త్రాసులో ఒకవైపు కూర్చోబెట్టి, రెండోవైపు సరితూగేదాకా బెల్లం పెడతారు.

చిక్కంతా ‘ఎత్తు’ దగ్గరే. ఇప్పుడు వినగానే పొడుగు తడుతుంది కానీ, తూకమూ దాని అర్థమే. ‘కాసెత్తు బంగారం’, ‘రూపాయెత్తు వసకొమ్ము’ అని పెద్దవాళ్లు అనేది అదే. బ్రిటిష్ కాలపు వెండి రూపాయి సరిగ్గా తులం, అంటే 11.66 గ్రాములు. అందుకే నాటువైద్యంలో రూపాయే తూకపు రాయి అయింది. తమిళం వైపు చూసినా ‘ఎడు’ అంటే ఎత్తడం, తీయడం; ‘ఎడై’ అంటే బరువు. ఎత్తితేనే కదా బరువు తెలిసేది.

ఇక ‘నిలువు’ అంటే నిలబడ్డ మనిషి మొత్తం. తిరుమలలో నిలువుదోపిడీ మొక్కు చూడండి, ఒంటిమీద నగలన్నీ హుండీలో పడతాయి. అక్కడ పొడుగు ప్రసక్తే లేదు. ‘నిలువెత్తు విగ్రహం’ అన్నప్పుడు మాత్రం పొడుగే. నా మట్టుకు, పక్కన తూచే వస్తువుంటే తూకమనీ, నిలబెట్టే వస్తువుంటే పొడుగనీ చదువుకుంటాను.

మైలాపూరు:
బాగుంది. కానీ మావారి వాదన వేరు. మనిషంత బరువు పోస్తే మనిషంత కుప్ప అవుతుంది కదా, రెండు అర్థాలూ ఒకటేగా అంటున్నారు.

తాంబరం నుంచి జవాబు:
బెల్లం విషయంలో వారు సత్యానికి చాలా దగ్గరగా ఉన్నారు. మన ఒంటి సాంద్రత ఇంచుమించు నీటిదే, అందుకే నీళ్లలో తేలీ తేలకుండా ఉంటాం. 60 కిలోల మనిషి ఆక్రమించే చోటు దాదాపు 60 లీటర్లు. బెల్లం నీటికంటే బరువైనదే అయినా, ముద్దల మధ్య సందులు కలుపుకుంటే 60 కిలోల బెల్లం మనిషికి దీటైన గుట్టే అవుతుంది.

అసలు బంగారం దగ్గరే ఆ వాదన నిలవదు. బరువును సాంద్రతతో భాగిస్తే ఘనపరిమాణం వస్తుంది. మేలిమి బంగారం ఘన సెంటీమీటరుకు 19.3 గ్రాములు. 60,000ని 19.3తో భాగించండి, సుమారు 3,109 ఘన సెంటీమీటర్లు. మూడు లీటర్ల కుక్కర్ నిండి, ఇంకో అరగ్లాసు మిగులుతుంది. అంతే! ఘనాకారంలో పోతపోస్తే ఒక్కో భుజం 14.6 సెంటీమీటర్లు, జానెడు కూడా లేదు. కుక్కర్‌లో పట్టేదే అయినా దాన్ని కదపాలంటే ఇద్దరు మనుషులు కావాలి. తిరగేసి చూడండి, మనిషంత ఆకారాన్ని గట్టి బంగారంతో పోస్తే 1,150 కిలోలు దాటుతుంది. ఒకే మాటకు రెండు అర్థాల మధ్య తేడా టన్నుకు పైనే.

టీ నగర్‌లో కొనే నగల బంగారంతో లెక్క కాస్త మారుతుంది. 22 క్యారెట్లలో రాగి, వెండి కలుస్తాయి కాబట్టి సాంద్రత సుమారు 17.8కి దిగుతుంది, చోటు 3.4 లీటర్లవుతుంది.

పెరంబూరు:
అయితే 60 కిలోలతో మనిషంత విగ్రహం కుదరనే కుదరదంటారా?

తాంబరం:
డొల్లగా చేస్తే కుదురుతుందండీ. బరువు, సాంద్రత కలిసి ఎంత చోటో చెబుతాయి గానీ, ఏ ఆకారమో చెప్పవు. 165 సెంటీమీటర్ల పొడుగు, 60 కిలోల బరువున్న మనిషి ఒంటి ఉపరితలం సుమారు 1.66 చదరపు మీటర్లు. ఆ 3,109 ఘన సెంటీమీటర్లనూ దానిమీద సమానంగా పరిస్తే మందం 1.9 మిల్లీమీటర్లు వస్తుంది. అంటే అసలు మేలిమి రేకుతో, మనిషి పొడుగూ మనిషి బరువూ రెండూ ఉన్న బొమ్మ తయారవుతుంది. అప్పుడు ‘నిలువెత్తు’ను ఎటు చదివినా తప్పులేదు.

మైలాపూరు:
ఇద్దరికీ ధన్యవాదాలు. మా అమ్మాయి వెండికి లెక్క చేస్తానంటోంది. సాంద్రత ఎంత వేసుకోమంటారు?

తాంబరం:
10.5 వేయమనండి. 5.7 లీటర్ల దగ్గర తేలాలి.