నాస్తిక–క్రైస్తవ చర్చలో వాదనల వరదను ఆపేదెలా?

దేవుడున్నాడా అనే అంశం మీద నాస్తికులకూ క్రైస్తవ విశ్వాసులకూ మధ్య బహిరంగ చర్చలు నిర్వహిస్తుంటాను. సమన్వయకర్తనూ నేనే. చెరో 20 నిమిషాల ప్రారంభోపన్యాసం, 12 నిమిషాల ఖండన, 10 నిమిషాల పరస్పర ప్రశ్నలు, ఆపైన సభికుల ప్రశ్నలు.

ఇబ్బందంతా ఖండన దగ్గరే. విశ్వాసి ముందు మాట్లాడితే విశ్వానికి ఆదికారణం, భౌతిక నియమాల అమరిక, నైతికత, యేసు పునరుత్థానం, స్వీయానుభవం అన్నీ ఒక్క ఊపులో దించేస్తారు. 12 నిమిషాల్లో వాటన్నిటికీ జవాబు ఎవరి తరం? జవాబు రానివాటిని "ఒప్పుకున్నట్టే" అంటారు. వరుస మార్చి నాస్తికుడికి ముందు మైకిస్తే అదే తంతు: లోకంలోని బాధ, పాత నిబంధన యుద్ధాలు, మతవిచారణలు (మతద్రోహులంటూ చర్చి జరిపిన విచారణలు, శిక్షలు), గెలీలియోకు చర్చి వేసిన శిక్ష. (చివరి రెండూ దేవుడి ఉనికిని తేల్చేవి కావని నా అభిప్రాయం. చప్పట్లు మాత్రం వాటికే.)

రెండు వాదనలకు మించొద్దని నియమం పెడితే ఒక్కోదాంట్లో నాలుగు ఇరికించారు. సారాంశాలు ముందే ఇచ్చిపుచ్చుకోమంటే వేదిక మీద కొత్తవి తీశారు. మధ్యలో ఆపితే నాది పక్షపాతమన్నారు.

1948లో బీబీసీ రేడియోలో తత్త్వవేత్త బెర్ట్రండ్ రస్సెల్, జెసూట్ అనే కాథలిక్ సంఘానికి చెందిన ఫాదర్ కాపుల్‌స్టన్ ఉపన్యాసాలు లేకుండా, సంభాషణగానే ఈ విషయం మాట్లాడుకున్నారు. ఒక అంశం అయ్యాకే మరొకటి. ఆ పద్ధతికి మారదామనుకుంటున్నాను.

సభికుల ముందు 90 నిమిషాల్లో ఇలాంటి సంభాషణ నడిపినవాళ్ళు చెప్పండి: ఒక అంశం వదిలి మరోదానికి వెళ్ళే నిర్ణయం ఎవరి చేతిలో పెడితే రెండు పక్షాలూ ఒప్పుకున్నాయి?