అప్‌డేట్: నా నవలలో అర్ధరాత్రి పెళ్లి గురించి

పోయిన నెల అడిగాను కదా, 1814 ఇంగ్లండ్‌లో అప్పుల్లో మునిగిన ఒక ఎర్ల్ (ప్రభువు), ఆస్తి ఉన్న 20 ఏళ్ల అమ్మాయి, ప్రేమతో కాకుండా అవసరం కోసం అర్ధరాత్రి ఇంట్లోనే పెళ్లి చేసుకోవచ్చా అని. మీరు చెప్పిన 1753 వివాహ చట్టం గురించి చదివాను. అప్పట్లో 21 నిండకపోతే పెళ్లి లైసెన్స్‌కి తండ్రి ఒప్పుకోవాలి. అందుకే ఆమెకి 22 ఏళ్లు చేశాను. ఇంట్లో, రాత్రిపూట అంటే కాంటర్‌బరీ ఆర్చిబిషప్ ఇచ్చే స్పెషల్ లైసెన్స్ ఉండాల్సిందే. అదీ పెట్టేశాను.

నన్ను కదిలించింది మాత్రం ఆస్తి సంగతి. పెళ్లయితే ఆమె డబ్బు, చరాస్తి భర్తవైపోతాయి. ముందే ఒప్పందం రాయించి ట్రస్టీల చేతిలో పెడితేనే ఆమెకంటూ ఏదైనా మిగిలేది. 1882లో పెళ్లైన స్త్రీల ఆస్తి చట్టం వచ్చాక గానీ ఇది సరిగ్గా మారలేదు! చదువుతుంటే కడుపు మండిపోయింది.

అందుకే కొత్త సీన్ రాశాను. లాయర్ ఒప్పందం కాగితాలు ఎర్ల్ ముందు పెడతాడు. అతను వాటిని ఆమె వైపు జరిపి, "ముందు మీరు చదవండి, డబ్బు మీది" అంటాడు. ఆమె గ్లవ్స్ తీసి, ఒక్కో పంక్తి మీద వేలు పెట్టి చదువుతుంది. మూడో పేజీలో ఆగి, ఒక వాక్యం కొట్టేయమంటుంది. అతను కారణం అడగకుండా కొట్టేస్తాడు.

వాళ్ల ప్రేమ ఇక్కడే మొదలవుతుంది.