‘ఫరీదా’ అన్న పిలుపు: గురు గ్రంథ్ సాహిబ్‌లోని ఒక సూఫీ శ్లోకం గురించి

ఒక సభ్యురాలి ప్రశ్న:

“ఉఠు ఫరీదా ఉజూ సాజి సుబహ నివాజ గుజారి
జో సిరు సాంఈ నా నివై సో సిరు కపి ఉతారి”

ఈ పద్యం గురు గ్రంథ్ సాహిబ్‌లోనిదని ఒకచోట చదివాను. ఇందులో నమాజు ప్రస్తావన నాలాంటివారికి కూడా తెలుస్తూనే ఉన్నది. సిక్కుల పవిత్ర గ్రంథంలోకి నమాజు చేయమనే పద్యం ఎలా వచ్చింది? ‘ఫరీదా’ అన్నది కవి పేరా, ఎవరినైనా పిలవడమా? పదాల అర్థం తెలిసినవారు దయచేసి వివరించగలరు.

సమాధానం:

మీరు ఉదహరించిన పాఠం సరైనదే. గ్రంథం చివరి భాగంలో ‘సలోక్ షేఖ్ ఫరీద్ కే’ అన్న శీర్షిక కింద వరుసగా వచ్చే పద్యాలలో ఇది 71వది. ‘సలోకు’ మన ‘శ్లోకం’ అన్న మాటే గాని ఛందస్సు సంస్కృత శ్లోకానిది కాదు. దోహాకు దగ్గరగా ఉండే రెండు పాదాల దేశి పద్యం. భావం ఇది: “లే ఫరీదా, ఉజూ చేసుకో, తెల్లవారు నమాజు చదువు, స్వామి ముందు వంగని తలను నరికి దించెయ్యి.” దీనికి ముందున్న 70వ శ్లోకం ఇంకా కటువుగా ఉంటుంది. నమాజు చేయనివాణ్ణి ‘కుక్కా’ అని పిలిచి, ఐదు వేళలా మసీదుకు ఎన్నడూ నడిచి రాలేదే, ఇది మంచి రీతి కాదు అని నిలదీస్తుంది.

పదాల విషయానికి వస్తే, ‘ఉజూ’ అంటే నమాజుకు ముందు చేతులు, నోరు, ముఖం, కాళ్ళు కడుక్కొని శుచి కావడం. మన ఊళ్ళలో ముస్లిములు ‘వజూ’ అనేది దీన్నే. ‘సుబహ’ కూడా అరబీ మాటే, తెల్లవారుజాము అని అర్థం. ‘గుజారి’ పారసీ క్రియ నుంచి వచ్చింది, ‘నెరవేర్చు’ అని ఇక్కడి భావం. రెండో పాదంలోకి వచ్చేసరికి మాటలన్నీ మనకు చుట్టాలవుతాయి: ‘సిరు’ శిరస్సు, ‘సాంఈ’ స్వామి, ‘నివై’ సంస్కృత ‘నమ్’ ధాతువు నుంచి ప్రాకృతం మీదుగా వచ్చిన ‘వంగు’ అనే క్రియ. ఇక్కడ ఒక విశేషం చూడండి. ‘నివాజ’ అన్నది ‘నమాజ్’కు పంజాబీ ఉచ్చారణ. పారసీ ‘నమాజ్’కు, మన ‘నమస్సు’కు మూలం ఒక్కటేనని భాషాశాస్త్రం నిర్ధారించింది, రెండు భాషలూ ఒకే ప్రాచీన కుదురు నుంచి చీలాయి. అంటే మొదటి పాదంలోని ‘నివాజ’, రెండో పాదంలోని ‘నివై’ ఒకే ధాతువు నుంచి బయలుదేరి, ఒకటి ఇరాన్ దారిలో, ఇంకొకటి హిందూదేశం దారిలో నడిచి, పంజాబులో ఒకే పద్యంలో కలుసుకున్నాయి. కవికి ఈ వ్యుత్పత్తి తెలిసి ఉండనక్కరలేదు. కానీ చెవికి ఆ పోలిక అందే ఉంటుందని నా నమ్మకం. లేకపోతే ‘నివాజ’ తరువాత ‘నివై’ అంత పొందికగా వచ్చి కూర్చోదు.

షేఖ్ ఫరీద్ అంటే సూఫీ శాఖలలో ఒకటైన చిష్తీ సంప్రదాయానికి చెందిన సూఫీ గురువు ఫరీదుద్దీన్ మసూద్ గంజెషకర్. పన్నెండో శతాబ్ది చివర పుట్టి పదమూడో శతాబ్దిలో జీవించారు. ఢిల్లీలోని కుత్బుద్దీన్ బఖ్తియార్ కాకీకి శిష్యుడు, నిజాముద్దీన్ ఔలియాకు గురువు. నేడు పాకిస్తాన్ పంజాబులో ఉన్న పాక్‌పట్టన్‌లో ఆయన దర్గా ఉన్నది. ఈ శ్లోకాలు ఆయనవా, ఆయన గద్దె మీద తరువాతి కాలంలో కూర్చున్న షేఖ్ ఇబ్రహీంవా అన్న వాదం పండితులలో ఉన్నది. గురునానక్ పాక్‌పట్టన్ వెళ్ళి ఆ షేఖ్ ఇబ్రహీంతో ముచ్చటించారని జనమ్‌సాఖీలు, అంటే నానక్ జీవిత కథలు, చెబుతాయి. ఎవరి రచనలైనా, ఒక ముస్లిం దర్గా పరంపర నుంచి వచ్చిన పద్యాలన్నది నిర్వివాదం. ఐదవ గురువు గురు అర్జన్ 1604లో ఆది గ్రంథాన్ని (గురు గ్రంథ్ సాహిబ్ తొలి రూపాన్ని) సంకలనం చేసినప్పుడు కబీరు, నామదేవుడు, రవిదాసు మొదలైనవారి రచనలతో పాటు ఫరీదు పద్యాలను కూడా చేర్చారు.

ఇక ‘ఫరీదా’ అన్న పిలుపు. ఇది సంబోధనే, కవి తన్ను తానే పిలుచుకోవడం. ‘వినుర వేమ’ అన్న మకుటం తెలిసిన మనకు దీన్ని విడమరచి చెప్పనక్కరలేదు. అయితే అసలు ఆసక్తికరమైన సంగతి ఇక్కడే మొదలవుతుంది. ఆ శీర్షిక కింద ఉన్న 130 శ్లోకాలలో ఫరీదువి 112 మాత్రమే. మిగిలిన 18 సిక్కు గురువులవి, ఫరీదుకు సమాధానంగానో వివరణగానో రాసినవి. వాటిలో కొన్నింటిలో గురువులు కూడా ‘ఫరీదా’ అనే మొదలుపెట్టారు. వేమన పేరిట మన దగ్గర ఎవరెవరో పద్యాలు అల్లారు. ఏది ఆయనది, ఏది ప్రక్షిప్తం అని పరిష్కర్తలు తల పట్టుకున్నారు. గ్రంథ్ సాహిబ్‌లో ఆ చిక్కు చాలావరకు లేదు. గురువుల పద్యాలకు ముందు ‘మహలా 3’, ‘మహలా 5’ అని ఎన్నవ గురువు రాసినదో గుర్తు ఉంటుంది. ఎదుటివాడి గొంతులో మాట్లాడుతూనే, ఈ మాట నాది, ఆయనది కాదు అని విడిగా చూపించే ఈ నిజాయితీని నేను ఎంతో గౌరవిస్తాను.

ఒక ఉదాహరణ చెబుతాను. 12వ శ్లోకంలో ఫరీదు అంటాడు: జుట్టు నల్లగా ఉన్నప్పుడు స్వామిని వలచనివాళ్ళలో, తెల్లబడ్డాక వలచేవాడు ఏ ఒక్కడో ఉంటాడు. దీని వెంటనే ‘మహలా 3’ అన్న గుర్తుతో గురు అమర్‌దాస్ పద్యం ఉన్నది: ఫరీదా, నలుపైనా తెలుపైనా తలచుకునేవానికి సాహెబు ఎప్పుడూ ఉన్నాడు, ఈ ప్రేమ మనం కావాలనుకుంటే కలిగేది కాదు, అది యజమాని చేతిలోని పాత్ర, తనకు నచ్చినవానికి ఇస్తాడు. అమర్‌దాస్ వయసు మళ్ళిన తరువాతే రెండవ గురువు గురు అంగద్ సన్నిధికి చేరారు. ఆ సంగతి గుర్తుంచుకొని చదివితే ఈ జవాబులోని ఆర్తి ఇంకా బాగా తెలుస్తుంది.

మరొక సభ్యుని సందేహం:

ఫరీదు మాటను గురువులు ఖండించారన్న మాట! మరి దాన్ని సహనం అనవచ్చునా? నచ్చని పద్యాన్ని పక్కన పెట్టడం కంటే, చేర్చి జవాబు చెప్పడంలో ఎక్కువ గౌరవం ఏమున్నది?

సమాధానం:

ఎక్కువ గౌరవమే ఉన్నదని నా అభిప్రాయం. ఫరీదు మాటలలోకెల్లా తీవ్రమైనది 119వ శ్లోకం అనుకుంటాను:

“తను తపై తనూర జిఉ బాలణు హడ బలంన్హి
పైరీ థకాం సిరి జులాం జే మూం పిరీ మిలంన్హి”

‘తనూర్’ అంటే రొట్టెలు కాల్చే తందూరు పొయ్యి. శరీరం ఆ పొయ్యిలా కాగనీ, ఎముకలు కట్టెలై మండనీ. కాళ్ళు అలసిపోతే తలతోనైనా నడుస్తాను, నా ప్రియుడు దొరికితే చాలు అని అర్థం. వెనువెంటనే 120వది:

“తను న తపాఇ తనూర జిఉ బాలణు హడ న బాలి
సిరి పైరీ కిఆ ఫేడిఆ అందరి పిరీ నిహాలి”

పొయ్యిలా ఒంటిని కాల్చకు, ఎముకలను కట్టెలు చేయకు. తల, కాళ్ళు ఏం తప్పు చేశాయి? ప్రియుణ్ణి లోపలే చూడు. ఇది గురునానక్‌దని ఎలా తెలుస్తుందంటే, ఇదే పద్యం గ్రంథం చివర నానక్ శ్లోకాలలో మళ్ళీ వస్తుంది. అక్కడ ‘నిహాలి’ బదులు ‘సమ్హాలి’ అని ఉన్నది. మన ‘సంబాళించు’కు బంధువు, పదిలంగా నిలుపుకో అని అర్థం.

ఈ రెండు పద్యాల మధ్య ఉన్నది స్పష్టమైన అభిప్రాయభేదం. దేహాన్ని దండించే తపస్సు మీద నానక్‌కు నమ్మకం లేదు. అయినా, నానక్ జవాబు ఉన్నది కదా అని గురు అర్జన్ ఫరీదు పద్యాన్ని తీసివేయలేదు. దాని వాడిని తగ్గించి తిరగరాయలేదు. ఫరీదు విరహం మొత్తంగా, ఆయన మాటల్లోనే, ముందు నిలిచింది. జవాబు దాని తరువాతే వచ్చింది. ఎదుటివాని మతాన్ని సహించడం అంటే, అతని మాటను అతనే ఒప్పుకునే రూపంలో ముందు వినిపించి, ఆ తరువాత మన మాట చెప్పడం అని నేను అనుకుంటాను. మనకు నచ్చిన నాలుగు మెత్తని వాక్యాలు ఏరుకొని ‘అందరూ చెప్పేది ఒకటే’ అనేయడం సులువు. ఆ సులువైన దారిలో 71వ శ్లోకానికి చోటు ఉండదు, ఎందుకంటే అది సర్వమత సారం ఏదీ చెప్పడం లేదు, నమాజు చేయమని చెబుతున్నది.

నమాజు గురించి గురునానక్ స్వయంగా అన్న మాట కూడా ఇక్కడ ప్రస్తావించాలి. మాఝ్ రాగంలోని ‘వార్’ అనే దీర్ఘ గేయంలో ఆయన ముస్లిమును ఉద్దేశించి, నమాజులు ఐదు, వేళలు ఐదు, పేర్లు ఐదు అని మొదలుపెట్టి, మొదటిది సత్యం, రెండోది హలాలైన సంపాదన, మూడోది దేవుని పేరిట దానం, నాలుగోది శుద్ధమైన నియ్యత్ (సంకల్పం), ఐదోది స్తుతి అని లెక్కపెడతారు. నీ మతం విడిచిపెట్టు అన్న సూచన ఆ పద్యంలో లేదు. ముస్లిం అనిపించుకోవాలంటే ఇలా ఉండు అని ముస్లిం మాటలతోనే చెప్పారు. ఆయనతో దేశాలు తిరిగిన రబాబు వాద్యకారుడు భాయి మర్దానా ముస్లిం కుటుంబంలో పుట్టినవాడే.

ఇంకొకరి అభ్యంతరం:

పద్యాలు సరే. చరిత్రలో మొగల్ పాలకులకూ సిక్కు గురువులకూ మధ్య జరిగినది వేరు కదా! దాన్ని పక్కనపెట్టి ఈ శ్లోకాలను చదవడం న్యాయమేనా?

సమాధానం:

పక్కనపెట్టకూడదు. ఫరీదును గ్రంథంలో చేర్చిన గురు అర్జన్ రెండేళ్ళకే, 1606లో, జహంగీరు ఆజ్ఞతో లాహోరులో చిత్రహింసలు పొంది మరణించారు. 1675లో ఔరంగజేబు ఢిల్లీలో గురు తేగ్ బహాదూర్ శిరస్సును తీయించాడు. గురు గోవింద్ సింగ్ చిన్న కుమారులిద్దరినీ సర్హింద్‌లో అక్కడి నవాబు వజీర్ ఖాన్ సజీవంగా గోడలో పెట్టించాడని సిక్కులు నేటికీ కన్నీళ్ళతో తలచుకుంటారు. ఆ వజీర్ ఖాన్ దర్బారులోనే, యుద్ధంలో గురువుకు ఎదురునిలిచిన మాలేర్‌కోట్లా నవాబు షేర్ మహమ్మద్ ఖాన్ లేచి, పసిపిల్లలను చంపడం అధర్మమని నిరసించాడు. సిక్కులు ఆ మాటను మరువలేదు. 1947లో తూర్పు పంజాబు తగలబడుతున్నప్పుడు మాలేర్‌కోట్లా ముస్లిములు క్షేమంగా మిగలడానికి ఆ కృతజ్ఞతే కారణమని అక్కడి ఇరు వర్గాలవారూ చెప్పుకుంటారు.

ఈ హింస అంతా చదివిన తరువాత ఫరీదు శ్లోకాలకు తిరిగి వస్తే వాటి బరువు పెరుగుతుంది. గురు గోవింద్ సింగ్ తన తండ్రి గురు తేగ్ బహాదూర్ రచనలను చేర్చి గ్రంథానికి తుది రూపం ఇచ్చారు. తండ్రినీ, బిడ్డలనూ పోగొట్టుకున్న మనిషి ‘ఈ ఉజూ, ఈ మసీదు మన గ్రంథంలో ఎందుకు’ అని ఉంటే ఎవరూ తప్పుపట్టేవారు కాదు. ఒక్క శ్లోకం కూడా తొలగలేదు. 1708లో మన గోదావరి ఒడ్డున, నాందేడ్‌లో, సర్హింద్ నవాబు పంపినవాడని సంప్రదాయం చెప్పే ఒక పఠాను పొడిచిన గాయంతో ఉన్న ఆయన, తన తరువాత గ్రంథమే గురువు అని ప్రకటించారు. కనుక నాటి నుంచి సిక్కు ఎవరైనా గ్రంథం ముందు తల వంచినప్పుడు షేఖ్ ఫరీదు మాటల ముందు కూడా వంచుతున్నాడు. ‘జో సిరు సాంఈ నా నివై’ అన్న పాదాన్ని ఈ దృష్టితో మరొకసారి చదవమని సభ్యులను కోరుతున్నాను.

చివరి ప్రశ్న, మొదటి సభ్యురాలి నుంచి:

ఇదే వరుసలోని “ఫరీదా ఖాలకు ఖలక మహి ఖలక వసై రబ మాహి / మందా కిస నో ఆఖీఐ జాం తిసు బిను కోఈ నాహి” అన్నదాన్ని తెలుగు చేస్తున్నాను. ‘మందా’ను ‘మందుడు’ అనవచ్చునా?

సమాధానం:

అనకండి. మాట సంస్కృత ‘మంద’ నుంచి వచ్చినదే అయినా పంజాబీలో దాని అర్థం ‘చెడ్డ’. మన ‘మందుడు’ తెలివితక్కువవాడు అవుతాడు, భావం చెడిపోతుంది. ‘ఖాలకు’, ‘ఖలక’ ఒకే అరబీ ధాతువు నుంచి పుట్టిన జంట. వాటికి ‘సృజ్’ ధాతువు నుంచి ‘స్రష్ట’, ‘సృష్టి’ సరిగ్గా దొరుకుతాయి. ‘రబ్’కు తెలుగు ఖురాన్ అనువాదాలలో వాడుకైన ‘ప్రభువు’ చాలు. “ఫరీదా, సృష్టిలో స్రష్ట, ప్రభువులో సృష్టి, ఆయన లేని చోటే లేనప్పుడు చెడ్డ అని ఎవరిని అనగలం?” అన్నది నా ప్రయత్నం, మీరు ఇంకా బిగువుగా చేయగలరు.

అనువాదానికి ముందు ఒక సంగతి గమనించండి. ఇది 75వ శ్లోకం, దీని మీద ‘మహలా 5’ అని ఉన్నది. ‘ఫరీదా’ అని పిలుస్తున్నది గురు అర్జన్. ఆయన వాడిన ‘మందా ఆఖీఐ’ అన్న పలుకుబడి అంతకు ముందే గురునానక్ ‘ఆసా దీ వార్’లో ఉన్నది: “సో కిఉ మందా ఆఖీఐ జితు జంమహి రాజాన”, రాజులను కన్న స్త్రీని చెడ్డదని ఎలా అంటారు అని. స్త్రీల పక్షాన నానక్ వేసిన ప్రశ్నను అర్జన్ సృష్టి మొత్తానికి విస్తరించి, దాన్ని ఖాలక్, ఖలక్, రబ్ అన్న అరబీ మాటల పక్కన, ఒక ముస్లిం ఫకీరు పేరు పెట్టి అడిగారు. మీ అనువాదం కింద కవి పేరు రాసేటప్పుడు గురు అర్జన్ అనే రాయండి, ‘ఫరీదా’ను మాత్రం తీసివేయవద్దు.