‘పగిలిపోయింది’కీ ‘పగలగొట్టాను’కీ మధ్య ఒక నవలిక

గ్రూపులో ఒక సందేహం అడగాలి. దానికి ముందు కొంచెం కథ చెప్పాలి, ఓపిక పట్టండి.

మేం బెంగళూరులో మారతహళ్ళి వైపు ఉంటాం. ఆదివారం పొద్దున పదింటికి మా అపార్ట్‌మెంట్ పిల్లలు ఏడుగురు మా హాల్లో చేరతారు. తొమ్మిదీ పదీ తరగతుల వాళ్లు. బడిలో ఇంగ్లిష్, లిఫ్టులో కన్నడం, ఇంట్లో తెలుగు. ఈ ఏడాది వాళ్లకి జార్జ్ ఆర్వెల్ ‘యానిమల్ ఫార్మ్’ పాఠ్యపుస్తకంగా వచ్చింది. పది అధ్యాయాల చిన్న పుస్తకం, గట్టిగా కూర్చుంటే ఒక రోజు పని. పిల్లలు దాని అట్ట కూడా తిప్పకముందే ఒక పట్టిక బట్టీ పట్టేశారు: నెపోలియన్ అనే పంది అంటే స్టాలిన్, స్నోబాల్ అంటే ట్రాట్‌స్కీ, ముసలి మేజర్ అంటే మార్క్సో లెనినో. పొడుపుకథ విప్పి చేతిలో పెట్టేశాక ఇంకెవరు వింటారు? “కథ ఎలా ఉందర్రా?” అంటే “పరీక్షకి కథ అక్కర్లేదు ఆంటీ” అన్నారు.

అందుకని రష్యా జోలికి పోలేదు. రెండో అధ్యాయం ఆఖరి వాక్యం దగ్గర ఆపాను.

పొలం యజమాని జోన్స్‌ని జంతువులు తరిమేశాక ఆవుల పొదుగులు బరువెక్కి ఉంటాయి. పందులే ఎలాగో తంటాలు పడి పాలు పితుకుతాయి. ఐదు బకెట్లు, నురగతో. అన్నీ ఆశగా చూస్తుంటే నెపోలియన్ బకెట్లకి అడ్డంగా నిలబడి, పాల సంగతి తర్వాత, ముందు గడ్డి కోతకి పదండి అంటాడు. సాయంత్రం తిరిగొచ్చేసరికి పాలు లేవు. ఆర్వెల్ అంతకు మించి ఒక్క మాట చెప్పడు. అధ్యాయం అయిపోతుంది.

దీన్ని తెలుగులో చెప్పమన్నాను. ఒక పిల్లవాడు “సాయంత్రానికి పాలు మాయమయ్యాయి” అన్నాడు. మాయమయ్యాయా, మాయం చేశారా అని అడిగాను. అందరూ పుస్తకంలోకి చూశారు. అక్కడ ఎవరి పేరూ లేదు.

పోయిన నెల ఇదే హాల్లో ఇదే పిల్లవాడి చేతిలో నా గాజు గ్లాసు ఒకటి పోయింది. “అప్పుడు నువ్వేమన్నావు?” అన్నాను.

“గ్లాసు పగిలిపోయింది ఆంటీ, అన్నా.”

“పగలగొట్టాను అనలేదేం?”

“తిడతారని.”

“మరి పందులు?”

ఒక్క క్షణం ఆగి ఏడుగురూ ఒకేసారి నవ్వారు. ఆ తర్వాత నేను చెప్పాల్సింది పెద్దగా మిగల్లేదు. పగులు – పగలగొట్టు, విరుగు – విరుచు, తెగు – తెంచు, కాలు – కాల్చు అని జంటలు రాసుకుంటూ పోయాం. అకర్మకం, సకర్మకం అన్న పేర్లు చివర చెప్పాను, అదీ ఒకమ్మాయి అడిగితేనే. ఆ అమ్మాయే ఫోన్ తీసి మా అసోసియేషన్ నోటీసు చదివింది: “వచ్చే నెల నుంచి మెయింటెనెన్స్ పెరుగుతుంది.” దానంతటదే పెరగడానికి అదేమన్నా గుమ్మడి పాదా! పెంచుతున్నాం అని రాయడానికి ఎవరికీ చెయ్యి రాలేదు.

ఇక ఈ పుస్తకం మొత్తానికీ తాళంచెవి లాంటి జంట ‘మారు – మార్చు’. గోడ మీద రాసుకున్న ఏడు ఆజ్ఞలు మారాయా, ఎవరైనా మార్చారా? జంతువులు మారాయని కూడా అనుకోవు, తమకే సరిగా గుర్తులేదనుకుంటాయి.

నా చిక్కు ఇక్కడే. ఆరో అధ్యాయంలో పందులు ఇంట్లోకి చేరి మంచాల మీద పడుకుంటాయి. మ్యూరియల్ అనే మేక గోడ మీదిది చదివితే, ఏ జంతువూ మంచం మీద పడుకోకూడదు అన్న ఆజ్ఞ చివర ‘దుప్పట్లతో’ అన్న అర్థం వచ్చే మాటలు ఉంటాయి. ఎనిమిదో అధ్యాయంలో చంపకూడదు అన్నదాని చివర ‘కారణం లేకుండా’, తాగకూడదు అన్నదాని చివర ‘అతిగా’ చేరతాయి. ఇంగ్లిష్‌లో ఇవి వాక్యం తోకకి తగిలించే మాటలు. నిచ్చెన, రంగు డబ్బా ఉంటే చాలు. తెలుగులో మాత్రం క్రియ చివర కూర్చుంటుంది. “ఏ జంతువూ మద్యం తాగరాదు”లో ‘అతిగా’ని ఇరికించాలంటే తాగరాదు చెరిపి మళ్లీ రాయాలి. దొంగపని రెండింతలవుతుంది. మీరైతే గోడ మీద ఎలా రాస్తారు?

చెన్నై, పెరంబూరు నుంచి ఒక అక్కయ్య:
ముందు మీ గ్లాసు సంగతి. తమిళంలోనూ ఇదే తంతు. ఉడైందదు అంటే పగిలింది, ఉడైత్తాన్ అంటే పగలగొట్టాడు. మా మనవడు ఇంట్లో ఏ భాష మాట్లాడినా వాడి నోట మొదటిదే వస్తుంది. పాల విషయానికి మనకో సామెతే ఉంది కదమ్మా: “అందరూ శ్రీవైష్ణవులే, బుట్టెడు రొయ్యలు మాయం.” మాయం చేసిందెవరో సామెత కూడా చెప్పదు చూడండి.

పోస్టు పెట్టినావిడ:
అక్కయ్యా, ఈ సామెత నాకు తట్టనే లేదు! మూడో అధ్యాయంలో పాలు రోజూ పందుల కుడితిలో కలుస్తున్నాయని బయటపడినప్పుడు వాడితే ఎంత బాగుండేది. రాలిన ఆపిల్ పళ్లూ వాటికే. తమకి ఇష్టమని కాదట, మెదడుతో పని చేసేవాళ్ల ఆరోగ్యానికి అవసరమట.

హోసూరు మాస్టారు, రిటైరయ్యారు:
మీ చిక్కుకి ముందు ఇంకో చిక్కు ఉంది. మీరు ‘మంచం’ అన్నారు. తప్పని కాదు, కానీ పందుల తరఫున మాట్లాడే స్క్వీలర్ వాదన అక్కడ చచ్చిపోతుంది. పడుకునే చోటు ఏదైనా బెడ్డే, కొట్టంలో గడ్డి పరుచుకున్నా బెడ్డే, మనం వద్దన్నది మనుషులు కనిపెట్టిన దుప్పట్లని మాత్రమే అని కదా వాడు బుకాయించేది. గడ్డికుప్పని తెలుగులో ఎవరూ మంచం అనరు. ‘పడక’ అనండి. గడ్డి పడకా పడకే, పట్టె మంచం మీదా పడకే. మాట ఎంత వదులుగా ఉంటే వాడికి అంత సందు.

పోస్టు పెట్టినావిడ:
మాస్టారూ, నమస్కారం. ఇది పిల్లల చేత చెప్పిస్తాను, మీరన్నారని చెప్పను. కన్నడంలో ‘హాసిగె’ ఇలాగే సాగుతుందని మా పదో తరగతి అమ్మాయి అంటుందనుకుంటున్నా, చూద్దాం.

ప్రూఫులు దిద్దిన చెయ్యి (మైసూరు రోడ్డు):
గోడ మీద ఎలా రాయాలన్నదానికి మా వృత్తిలో పాత మందుంది. హంసపాదు! “ఏ జంతువూ మద్యం తాగరాదు”లో ‘మద్యం’ తర్వాత కింద హంసపాదు పెట్టి, పైన ‘అతిగా’ అని రాసేయడమే. చెరపక్కర్లేదు.

పోస్టు పెట్టినావిడ:
అయ్యా, నవ్వు ఆగలేదు. కానీ హంసపాదు కనబడితే దొంగ దొరికిపోడూ? బాక్సర్‌కి కూడా అనుమానం వస్తుంది. పాపం ఆ గుర్రానికి నాలుగు అక్షరాలు దాటి రాదు. గిట్టతో దుమ్ములో రాసుకుంటుంది, తర్వాతి నాలుగు నేర్చుకునేసరికి మొదటివి మరిచిపోతుంది. ఈ ముక్క చదువుతుంటే మా తొమ్మిదో తరగతి వాడొకడు మెల్లిగా “నేనూ అంతే ఆంటీ, తెలుగు ఒత్తుల దగ్గర ఆగిపోతా” అన్నాడు. వాడు బాక్సర్‌ని ఇక ఏ పట్టికలోనూ పెట్టలేడు.

హోసూరు మాస్టారు:
తోకకి తగిలించడం తెలుగులో కుదరదని ఎవరన్నారు? రాతలో కుదరదు, నోట్లో కుదురుతుంది. “తినొద్దురా, ఎక్కువ.” “వెళ్లకు, ఒంటరిగా.” రోజూ అంటాం. “ఏ జంతువూ మద్యం తాగరాదు, అతిగా.” “ఏ జంతువూ మరో జంతువుని చంపరాదు, కారణం లేకుండా.” చదవగానే ఎవరో తర్వాత అతికించారని చెవికి తెలుస్తుంది, కంటికి తెలియదు. మీకు కావలసింది అదే.

పోస్టు పెట్టినావిడ:
ఇదీ జవాబు. ఇంగ్లిష్‌లో కన్నా మనకే ఒక మెట్టు ఎక్కువ దక్కింది. అక్కడ వాక్యం మామూలుగానే వినిపిస్తుంది, ఇక్కడ అతుకు వినబడుతుంది.

వైట్‌ఫీల్డ్ తమ్ముడు:
అక్కా, చిన్న సందేహం. శీర్షికలో నవలిక అన్నారు. నవల అనొచ్చుగా? ఈ ‘ఇక’ మనదేనా?

పోస్టు పెట్టినావిడ:
సంస్కృతం నుంచి తెచ్చుకున్నదే తమ్ముడూ. నాటకం – నాటిక, పుస్తకం – పుస్తిక, కథ – కథానిక లాగా నవల – నవలిక. అగ్నిపురాణం గద్యకావ్యాల్ని ఐదు రకాలుగా చెబుతూ కథానికని అప్పుడే లెక్కలో వేసింది. అయితే ‘ఇక’ చూసి కొలత చెప్పలేం. సంస్కృతంలో నాటిక అంటే నాలుగంకాలు, మనకేమో గంటలో అయిపోయేది. గుజరాతీలో నవలిక అంటే చిన్న కథ, నవలని నవలకథ అంటారు. హిందీవాళ్ల ఉపన్యాసం నవల, మన ఉపన్యాసం మైకు ముందు నిద్ర పట్టించేది. కన్నడంలో కాదంబరి, సంస్కృతంలో ‘కాదంబరి’ రాసిన బాణుడి పుణ్యం. అన్నట్టు మన ప్రాచీన కావ్యాల్లో నవలా అంటే స్త్రీ. ఇంగ్లిష్ ‘నావెల్’ ఇటాలియన్ ‘నొవెల్లా’ నుంచి వచ్చింది, దాని వెనక కొత్త అనే లాటిన్ మాట, అదీ మన ‘నవ’మూ చుట్టాలే. ఇంత చెప్పాక పిల్లలకి నేను ‘చిన్న నవల’ అనే అంటాను, అది వేరే సంగతి.

పేరు పెట్టని ఒక సభ్యుడు:
అంతా బాగుంది కానీ మేడమ్, చరిత్ర చెప్పకుండా ఈ పుస్తకం చెప్పడం పిల్లలకి అన్యాయం. 1917 రష్యా విప్లవం లేకుండా ఇందులో ఏముంది? పందుల కథేగా.

పోస్టు పెట్టినావిడ:
చెప్పనని ఎక్కడన్నానండీ? మూడో అధ్యాయం అయ్యాక చెప్పాను, వాళ్లే అడిగారు. జారు, విప్లవం, స్టాలిన్ ట్రాట్‌స్కీని దేశం నుంచి వెళ్లగొట్టడం, అన్నీ. ఇంకా ఎక్కువ పనికొచ్చింది పుస్తకం చరిత్ర. 1944లో రాయడం పూర్తయితే ప్రచురణకర్తలు వరసగా వద్దన్నారు, యుద్ధంలో రష్యా మిత్రదేశం కదా. వద్దన్నవాళ్లలో కవి టి.ఎస్. ఎలియట్ కూడా ఉన్నాడు. చివరికి 1945 ఆగస్టులో వచ్చింది. ఆర్వెల్ పుట్టింది బీహార్‌లోని మోతీహారిలో అంటే ఒక్కడూ నమ్మలేదు, ఫోన్లో వెతికి చూసుకున్నారు. నేనడిగేదల్లా వరస మార్చమని. పాలు ఎవరు తాగారో తెలుసుకోవాలన్న ఆత్రం పుట్టాక స్టాలిన్ వస్తే పిల్లలు వింటారు. ముందే వస్తే రాసుకుంటారు.

పెరంబూరు అక్కయ్య:
తొమ్మిదో అధ్యాయంలో తిండి తగ్గించి దానికి వేరే పేరు పెడతారు కదా, దాన్నేమంటున్నారు?

పోస్టు పెట్టినావిడ:
‘సర్దుబాటు’ అక్కయ్యా. కోత అనరు, సర్దుబాటు అంటారు. కరెంటు బిల్లులో ఆ మాట చూసినవాళ్లకి విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇక మిగిలింది పదో అధ్యాయం. ఏడు ఆజ్ఞలూ పోయి గోడ మీద ఒక్కటే ఉంటుంది: జంతువులన్నీ సమానమే, కానీ కొన్ని మిగతావాటికన్నా ఎక్కువ సమానం. సమానానికి ఎక్కువ తక్కువలు ఉండవని తెలిసిన చెవికే ఈ వాక్యం కుట్టాలి. నాకు ‘ఎక్కువ సమానం’ చప్పగా ఉంది. ‘మరీ సమానం’ అన్నాడు మా ఇంట్లో ఆయన, ‘సరిసమానం కన్నా సమానం’ అంది మా అమ్మ ఫోన్లో. మీకేమన్నా తడితే శనివారం రాత్రిలోగా రాయండి.

హోసూరు మాస్టారు:
‘మరీ సమానం’ నాకు నచ్చింది. మీ ఆయనకి చెప్పండి. ‘మరీ’లో కొంచెం ఎత్తిపొడుపు ఉంటుంది, ‘ఎక్కువ’లో ఉండదు. కానీ పంది తన గోడ మీద తానే ఎత్తిపొడుచుకోదుగా? కాబట్టి ‘ఎక్కువ’ ఉంచేయండి. చప్పగా ఉండటమే మంచిది.

పోస్టు పెట్టినావిడ:
అవును కదా. సరే, ‘ఎక్కువ’. ఈ ఆదివారం ఎనిమిదో అధ్యాయం. అర్ధరాత్రి చప్పుడు, విరిగిన నిచ్చెన, పక్కన కిందపడిన స్క్వీలర్, బ్రష్, ఒలికిన తెల్లరంగు. పిల్లలు చార్టు మీద ఆజ్ఞలు రాసుకొస్తామన్నారు. మామూలు తెలుగులో రాయమన్నాను, చివర కొంచెం ఖాళీ వదిలి.